ఇంటి మీద మబ్బు

మధ్యాహ్నం పన్నెండుంబావు. పెబ్బేరు ఊరంతటి మీదా ఎండ కాస్తోంది, ఒక్క షరీఫ్ ఇంటి మీద తప్ప.

ఈ సంగతి షరీఫ్‌కు ఫోన్ చెప్పింది. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించినప్పుడు గద్వాలలో కాపురముంటున్న కూతురు ఇక్రా వచ్చి, ఆయన ఫోన్లో ఒక యాప్ వేసి పోయింది. ఆరు పలకలూ కలిసి ఆ నిమిషానికి ఎంత కరెంటు పుట్టిస్తున్నాయో అందులో అంకె కనబడుతుంది. పదింటికి రెండు. పదకొండుకు రెండున్నర. సూర్యుడు నడినెత్తికి వచ్చి అంకె ఇంకా ఎక్కాల్సిన వేళకు ఒకటింబావు. మూడు దాటాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ కాస్త లేస్తుంది. వారం రోజులుగా ఇదే తంతు.

షరీఫ్ తన మోటార్ల షాపులోంచి, ఒక చేత్తో రాగితీగ పట్టుకునే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏంది, ఆడ ఎండ లేదా?"

"లేదు. మబ్బు పట్టింది," అంది భార్య హుసేన్‌బీ. ఆమె వెనక ఎవరో ఆడవాళ్ళు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది.

షరీఫ్ షాపు బయటికొచ్చి తలెత్తి చూశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇల్లు అక్కడికి కిలోమీటరు దూరం. లోపలికొచ్చి షట్టరు మీద సుద్దముక్కతో తేదీ వేసి, పక్కన ఒకటింబావు అని రాసి, దాని పక్కన 'మబ్బు' అని రాశాడు. పై వరుసల్లోనూ అదే మాట ఆరుసార్లు ఉంది.

బల్ల మీద కూచున్న బక్కయ్య ఆ రాతంతా చూశాడు. అమరచింత దగ్గర అతనికి మూడెకరాల వరి, ఒక బోరు ఉన్నాయి. ఆ బోరు మోటారు కాలిపోతే పట్టుకొచ్చి రెండు రోజులుగా ఇక్కడే కూచుంటున్నాడు.

"ఒక్క ఇంటి మీదనే మబ్బేంది బాయ్?" అన్నాడు.

"వానకాలంల రోడ్డుకు ఇటు పడ్తది, అటు పడదు. గట్లనే."

ఇది వానాకాలం కాదనీ, మాఘమాసమనీ బక్కయ్యకు తెలుసు. కానీ తన మోటారు విప్పి ముందు పెట్టుకున్నవాడితో వాదన పెట్టుకునేంత తెలివితక్కువవాడు కాదు బక్కయ్య.

ఇంకొకరైతే బండి ఎక్కి ఇంటికి పోయి, మిద్దె మెట్లెక్కి చూసి వచ్చేవారు. ఐదు నిమిషాల పని. షరీఫ్‌కు ఆ ఆలోచన రాలేదు. ముప్పై ఏళ్ళుగా అతను మోటార్లకు వైండింగ్ కడుతున్నాడు. కోడేరు నుంచి అమరచింత దాకా ఎవరి మోటారు కాలినా అతని షాపుకే వస్తుంది. మోటార్ల డాక్టర్ అని పేరు. డాక్టరన్నవాడు ముందు రిపోర్టు చూస్తాడు, రోగి ముఖం తర్వాత చూస్తాడు. ఊరందరి మోటార్లకు మందు వేసేవాడి సొంత మిద్దె మీది కరెంటుకే జబ్బు చేసిందంటే పరువేం కావాలి? అందుకని ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. షట్టరు మీద మాత్రం రాశాడు.

ఆ చిరాకంతా బక్కయ్య మీద పడింది. అతని మోటారు కాలింది ఆటో వల్ల. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మనిషి చెయ్యి తగలకుండా మోటారు దానంతటదే నడిచేందుకు పెట్టెలో బిగించే పరికరం అది. బోరులో నీళ్ళు లేని వేళ కరెంటు వచ్చింది, ఆటో వేసుకుంది, మోటారు ఉత్తగా తిరిగి మాడిపోయింది.

"కరెంటు పోంగనే ఆటో బంద్ చేసి పోవాలని ఎన్నిసార్లు చెప్పిన నీకు? అది మిషను. నీళ్లున్నయా లేవా అని నిన్ను అడుగుతదా? అడుగుడు దానికేం తెలుసు?" అన్నాడు షరీఫ్.

బక్కయ్య తల దించుకుని, నిజమే బాయ్ అన్నాడు.

*

షరీఫ్‌కు తెలియనిది వీధి మొత్తానికీ తెలుసు. మబ్బు నూలు చీరది. పాతది, మెత్తబడి పలచనైంది, నాలుగు మూలలా పీలికలతో పలకల చట్రానికి కట్టి ఉంది. దాని నిండా సేమియా ఆరుతోంది.

ఆ మిద్దె మీద ఇరవై ఏళ్ళుగా సేమియా ఆరుతూనే ఉంది. రంజాన్ నెల పడితే ఉపవాసాలతో సేమియా మిషను తిప్పలేరు కాబట్టి పండక్కి కావలసింది ముందే చేసి పెట్టుకుంటారు. హుసేన్‌బీ చేతి సేమియా వెంట్రుకంత సన్నం, పాలలో వేస్తే ఒకదానికొకటి అంటుకోదు. వీధిలో ఏడిళ్ళవాళ్ళు తమ తమ పిండి తెచ్చి ఆమె ముందు పెట్టి, ఇంక పండగ గురించి బెంగ లేనట్టు పోతారు. వాళ్ళలో ముగ్గురికి రంజాన్ పండగే లేదు. అయినా సేమియా ఉంది.

పోయినేడు సోలార్‌వాళ్ళు ఇనుపరాడ్లు మోసుకుంటూ మెట్లెక్కారు. మిద్దె మీదున్న నాలుగు నులకమంచాలనూ షరీఫ్ తన చేతులతోనే కిందికి దించాడు. మరి సేమియా ఎక్కడ ఆరబెట్టాలి అని ఆమె అడగబోతే, ప్యాకెట్లు దుకాణంలో దొరుకుతున్నాయి కదా అన్నాడు. తిట్టలేదు, విసుక్కోలేదు, మామూలుగా అన్నాడు. ఆమెకు అదే ఎక్కువ బాధేసింది. ఇరవై ఏళ్ళ పనిని ఒక ప్యాకెట్‌తో చెరిపేసి, సోలార్‌వాళ్ళు నట్లు బిగిస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ పూటే, పలకలను ముట్టుకుంటే షాక్ కొడుతుందని అందరికీ చెప్పాడు. ముప్పై ఏళ్ళు మోటార్లవాడితో కాపురం చేసిన మనిషికి అద్దం షాక్ కొట్టదని తెలియదా?

చలికాలంలో ఒకనాడు ఆమె తడి దుపట్టాను ఒక పలక మీద వేసి కిందికొచ్చి చాయ్ తాగింది. కప్పు కడిగి పైకి పోయేసరికి దుపట్టా పెళపెళలాడుతోంది. ఆ మంచి గాజు, ఆ వేడి, ఆ ఏటవాలు చూసి ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది. తన మంచాలు పోయి తనకు ఇంతకంటే మంచి మంచం వచ్చింది.

అప్పటి నుంచి రోజూ ఒక పని పెట్టుకుంది. తెల్లవారి షరీఫ్ నమాజుకు పోయినప్పుడు ఆమె ఆరు పలకలూ తుడుస్తుంది, ఒకసారి తడిబట్టతో, ఒకసారి పొడిబట్టతో. తినే వస్తువు పరిచే చోటు కదా. ఈ వారం సేమియా పని మొదలయ్యాక, పదకొండు దాటితే పక్కింటి పార్వతమ్మ కూడా వస్తోంది. మిషనును బెంచీకి బిగించి పార్వతమ్మ పిడి తిప్పుతుంటే, కింది జల్లెడలోంచి దిగే పోగులను హుసేన్‌బీ వెదురుపుల్ల మీద అందుకుని, తెగకుండా తెచ్చి చీర మీద పరుస్తుంది. పై వరుసలో మూడు పలకలు సేమియావి. కింది వరుస మూడూ షరీఫ్‌కు వదిలేసింది. న్యాయం తప్పే మనిషి కాదు.

*

శుక్రవారం సాయంత్రం వనపర్తి నుంచి సోలార్ షాపు శ్రీశైలం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు, మాటకు ముందొక 'సార్', వెనకొక 'సార్'. షరీఫ్ షట్టరు మీది లెక్కలన్నీ ఫోటో తీసి పంపాడట, అవి చూసి రాత్రి నిద్ర పట్టలేదట శ్రీశైలానికి.

అతను చెప్పింది ఇది. పలకలు మంచివే, కానీ మన పాలమూరు ఎండకు నడిపొద్దున వేడెక్కి నీరసపడుతున్నాయి. వాటికి తోడుగా ఇంకో నాలుగు కొత్తరకం పలకలు పెట్టాలి. అన్నిటినీ కలిపి ఎనిమిదడుగుల ఇనుపస్టాండు మీదికి ఎత్తేస్తే కింది నుంచి గాలి ఆడి చల్లబడతాయి, కోతులు కూడా ఎక్కలేవు.

షరీఫ్‌కు ఆ మాట తన నోట్లోంచే వచ్చినట్టనిపించింది. మోటారూ అంతే, వేడెక్కితే బలం తగ్గుతుంది. పైగా అతనికి తొందర ఉంది. వేసవిలో ఇక్రా కాన్పుకు వస్తుంది, పసిబిడ్డ ఉండే గదిలో ఏసీ పెట్టించాలని అతను మనసులో ఎప్పుడో పెట్టించేశాడు. ఏసీ నడవాల్సింది నడిపొద్దునే, కరెంటు పడిపోతున్నదీ నడిపొద్దునే.

చాయ్ పట్టుకొచ్చిన హుసేన్‌బీ ఎనిమిదడుగులనే మాట దగ్గర ఆగిపోయింది. ఆమె ఎత్తు ఐదడుగులు. ఎనిమిదడుగుల మీది పలక మీద సేమియా పరవాలంటే ఆమె కోతి అయినా కావాలి, శ్రీశైలం లెక్క ప్రకారం అప్పుడు కూడా కుదరదు. పది పలకల నీడ మిద్దెంతా కమ్మేస్తుంది. ఒక మంచానికి సరిపడా ఎండ కూడా మిగలదు. ఇంక ఏడిళ్ళవాళ్ళూ ప్యాకెట్లు కొనుక్కుంటారు. ఆమె చేతులు మిగులుతాయి, పని మిగలదు.

చాయ్ అక్కడ పెట్టి ఆమె తన వాదన మొదలుపెట్టింది. గాలిదుమారానికి స్టాండు ఎగిరి పార్వతమ్మ ఇంటి మీద పడుతుందంది. అంత ఎత్తున పిడుగు పడుతుందంది. కడుపుతో ఉన్న పిల్ల వచ్చే ఇంట్లో కొత్త ఇనుము లేపకూడదంది. ఇది ఎక్కడి ఆచారమో షరీఫ్ ఎన్నడూ వినలేదు, హుసేన్‌బీ కూడా అప్పుడే విన్నది. శ్రీశైలం ఓపిగ్గా అన్నిటికీ తల ఊపి, కాగితాలన్నీ సిద్ధమన్నాడు. మీటరు మేడమ్ పేరు మీద ఉంది కాబట్టి మేడమ్ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, అది చెబితే చాలన్నాడు.

"నా ఫోన్ల చార్జింగ్ లేదు," అంది హుసేన్‌బీ.

సోలార్ ఉన్న ఇంట్లో ఈ మాట విని శ్రీశైలం ఏమనుకున్నాడో తెలియదు. చాయ్ మాత్రం పూర్తిగా తాగి, సోమవారం వస్తానని లేచాడు.

చెప్పేద్దామని ఆమె నోటి దాకా వచ్చింది. చెబితే రేపటి నుంచే మిద్దెకు తాళం పడుతుంది. ఏడిళ్ళ పిండిలో ఐదిళ్ళదీ ఇంకా బస్తాల్లోనే ఉంది. పార్వతమ్మతోనూ వీధి ఆడవాళ్ళతోనూ కలిసి రేపు ఒక్కపూటలో పిండంతా సేమియా తీసి ఆరబెట్టేసి, ఆదివారం డబ్బాలకెత్తి, అప్పుడు చెబుదామనుకుంది. మరునాడు సంత కూడా, షరీఫ్ పొద్దు గూకేదాకా షాపు వదలడు.

*

షరీఫ్ కూడా సోమవారం లోపల ఒకటి తేల్చుకోవాలనుకున్నాడు. వేడి వల్లే అంకె పడుతోందా? అయితే పలకల మీద నీళ్ళు చల్లితే లేవాలి. లేస్తే శ్రీశైలం చెప్పింది నిజం, కళ్ళు మూసుకుని సంతకం పెట్టొచ్చు. ఆదివారం నడిపొద్దున తానే నిలబడి పరీక్ష చేద్దామనుకున్నాడు.

శనివారం తెల్లవారి నమాజు నుంచి వచ్చి, ఎవరో రైతు తీసుకుపోకుండా వదిలేసిన అరహార్సుపవరు మోటారును మిద్దె మీది నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టాడు. డ్రిప్పు పైపులను పలకల పైఅంచు పొడుగునా కట్టి, ప్రతి రెండడుగులకూ ఒక పిచికారీ మూతి బిగించాడు. స్టార్టరు పెట్టెలో ఆటో కూడా బిగించాడు. ఆటో ఎందుకంటే చెప్పలేడు. ఇరవై నాలుగ్గంటల కరెంటు వచ్చాక రైతులు విప్పి పారేసిన ఆటోలు షాపులో గంపెడున్నాయి, మోటారు బిగిస్తే ఆటో బిగించడం అతని చేతికి అలవాటు.

హుసేన్‌బీ వచ్చి పైపులను చూసి, ఇదేమిటని అడిగింది. పలకలు కడిగే ఏర్పాటు, రేపు నేనుండి నడిపిస్తానన్నాడు. రేపు కదా, ఇవాళ పని అయిపోతుందిలే అనుకుంది.

ఒకసారి నడిపి చూద్దామని షరీఫ్ స్విచ్చి వేశాడు. అదే నిమిషానికి వీధిలో కరెంటు పోయింది. సంత వైపు తీగలు బిగిస్తున్నారు, పన్నెండు దాకా రాదన్నారు. ఇంతలో షాపు ముందు నలుగురు రైతులు కూచున్నారని ఫోన్ వచ్చింది. షరీఫ్ చేతులు కడుక్కుని బండెక్కాడు. స్విచ్చి వేసే ఉంది. కరెంటు పోగానే ఆటో బంద్ చేసి పోవాలని వేయి మందికి చెప్పిన మనిషి, తన మిద్దె మీది ఆటో బంద్ చేయకుండా పోయాడు.

సంత రోజు పెబ్బేరులో ఎద్దులు, లారీలు, దుమ్ము. షాపులో కాలు పెట్టే చోటు లేదు. బాగైన మోటారు తీసుకుపోవడానికి వచ్చిన బక్కయ్య కూడా అక్కడే ఉన్నాడు. పన్నెండుంబావుకు పంకా తిరిగింది, కరెంటు వచ్చిందన్నమాట. షరీఫ్ అలవాటుగా ఫోన్ తీశాడు. వీధిలో కరెంటు లేనంతసేపూ సోలారూ ఆగిపోయి సున్నా మీదున్న అంకె కాసేపటికి ఒకటింబావుకు వచ్చి ఆగింది. మబ్బే. ఫోన్ జేబులో పెట్టుకోబోతుండగా అంకె కదిలింది. ఒకటిన్నర. రెండు. రెండుంబావు. పది నిమిషాలు తిరక్కముందే రెండు పాయింట్ ఏడు. ఆ మిద్దె మీద ఎన్నడూ రాని అంకె అది.

అప్పుడు గుర్తొచ్చింది ఆటో.

"ఆటో యేసుకుంది," అన్నాడు షరీఫ్ లేచి నిలబడి. "నీళ్లు పడ్డయి. సల్లబడంగనే ఎట్ల లేచిందో సూడు బక్కయ్యా. నేను అనుకున్నదే."

అందరికీ చాయ్ చెప్పాడు. షట్టరు మీద రెండు పాయింట్ ఏడు అని పెద్దక్షరాలతో రాసి కింద రెండు గీతలు కొట్టాడు. శ్రీశైలానికి ఫోన్ చేసి, సోమవారం దాకా ఎందుకు, రేపే రమ్మన్నాడు. తర్వాత షాపును బక్కయ్యకు అప్పగించి, సంతలో కిలో జిలేబీ కట్టించుకుని ఇంటికి పోయాడు. ముప్పై ఏళ్ళలో సంత రోజు నడిపొద్దున అతను షాపు వదలడం అదే మొదటిసారి.

*

మెట్ల మీంచి గంజిలాంటి తెల్లటి నీళ్ళు దిగుతున్నాయి. షరీఫ్ ప్యాంటు మడుచుకుని పైకెక్కాడు.

అతని చూపు ముందు పలకల మీదికే పోయింది. ఆరు పలకలూ నీళ్ళోడుతూ తళతళలాడుతున్నాయి.

"సూసిన్రా? రెండు పాయింట్ ఏడు వచ్చింది," అన్నాడు.

అప్పుడు మిగతావన్నీ ఒకటొకటిగా అతనికి కనబడసాగాయి. చీరలు మోకాళ్ళకు దోపుకుని నిలబడ్డ ఆరుగురు ఆడవాళ్ళు. పీకి పారేసిన పైపును రెండు చేతులా పట్టుకుని, పామును పట్టినట్టు నిలబడ్డ పార్వతమ్మ. బెంచీకి బిగించిన సేమియా మిషను. చట్రం మూలల్లో తెగి వేలాడుతున్న పీలికలు. నేల మీద కుప్పగా పడిన తడి నూలుచీరలు, వాటిలో పొద్దుటి నుంచి పరిచిన ఐదిళ్ళ పిండి. సగం ఆరి, మళ్ళీ తడిసి, పోగు పోగుకూ అతుక్కుని ముద్దయింది. ఆ ముద్దలను హుసేన్‌బీ చేత్తో తీసి గిన్నెలోకి వేస్తోంది. ఆమె కూడా పూర్తిగా తడిసింది.

ఆ ఇంట్లో ఉర్దూ, తెలుగూ కలిసే నడుస్తాయి. హుసేన్‌బీకి ప్రేమ ఉర్దూలో వస్తుంది, కోపం తెలుగులో వస్తుంది. ఆమె తలెత్తకుండా తెలుగులో అంది:

"వారం సంది నడుస్తుంది. పదకొండు దాటినంక పరుస్త, మూడింటికి తీస్త. నీ ఫోన్ల పట్టిన మబ్బు నేనే."

షరీఫ్ జిలేబీ పొట్లంతోనే ఆమె వైపు రెండడుగులు వేశాడు. "నాకెందుకు చెప్పలే?"

"మంచాలు దించేటప్పుడు నువ్వు నాకు చెప్పినవా?"

"అది కాదు. నేను నడిపియ్యలే. ఆటో ఉన్నది గద, కరెంటు రాంగనే అదే యేసుకుంది."

హుసేన్‌బీ అప్పుడు తలెత్తింది.

"అది మిషను. దానికి అడుగుడు తెల్వదు. నువ్వు మనిషివి గద. నువ్వన్న ఒక్కసారి అడిగినవా?"

మొన్న తాను బక్కయ్యతో అన్న మాట షరీఫ్‌కు చెవిలో మోగింది. బక్కయ్య ఆ రోజు తల దించుకున్నట్టే ఇవాళ తానూ దించుకున్నాడు. పార్వతమ్మకు అతన్ని చూసి జాలేసిందో, జిలేబీ వాసన తగిలిందో కానీ, పైపు కింద పడేసి దగ్గరికొచ్చింది.

"జిలేబీ గూడ తెచ్చినవా అన్నా. ఇటియ్యి, పిల్లలు తింటరు."

*

ఆ సాయంత్రం వీధి మొత్తం సేమియా తిన్నది. రెండు పెద్ద గిన్నెల్లో బెల్లం వేసి ఉడికించి ఇంటింటికీ పంచారు. మిగిలింది షరీఫ్ టిఫిన్‌డబ్బాలోకి వచ్చింది. పొద్దున సేమియా ఉప్మా, మధ్యాహ్నం సేమియా కిచిడీ, మరునాడు మళ్ళీ అదే. అతను కిక్కురుమనకుండా తిన్నాడు.

రేపే రమ్మన్న శ్రీశైలం ఆదివారం పొద్దున్నే దిగాడు. హుసేన్‌బీ తనంతట తానే ఫోన్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"నిండ చార్జింగ్ ఉంది. ఏ నంబరొస్తే ఆ నంబరు చెప్పుకో," అని లోపలికి పోయింది.

శ్రీశైలం ట్యాబు తీశాడు. షరీఫ్ ఆ ఫోన్ వైపు చూస్తూ కూచున్నాడు. నిన్నటి దాకా ఆ ఓటీపీ కోసం ఎదురుచూసిన మనిషికి, ఇప్పుడు అది తీసుకుంటే దొంగతనమనిపించింది. ఇంకో వారం ఆగుదాం శ్రీశైలం అన్నాడు.

ఆ వారం ఇంటి మీద మబ్బు పట్టలేదు. హుసేన్‌బీ మెట్లెక్కడం మానేసింది. మిషను విప్పి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. మనిషి కోపంగా లేదు, అదే కష్టం. అడిగినదానికి జవాబు చెబుతుంది, వేళకు అన్నం పెడుతుంది, మిగతా పొద్దంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూచుంటుంది. ఆ ఊరికే ఉన్న చేతులను చూడలేక షరీఫ్ అరగంట ముందే షాపుకు పోతున్నాడు.

మొదట్లో నడిపొద్దు అంకె రెండున్నరకు తగ్గలేదు. మోటారు బాగయ్యాక కూడా చాయ్‌కు వచ్చి కూచునే బక్కయ్య షట్టరు చూసి, మబ్బు ఇడిసినట్టుంది బాయ్ అన్నాడు. ఇడిసింది అన్నాడు షరీఫ్, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

ఆ తర్వాత ఇంకో వింత మొదలైంది. రెండు పాయింట్ ఏడు కాస్తా రెండు పాయింట్ ఆరైంది, పాయింట్ ఐదైంది, సంత మళ్ళీ వచ్చి పోయేసరికి రెండుకు వచ్చింది. ఈసారి నడిపొద్దునే కాదు, పొద్దున, సాయంత్రం కూడా అంతే. షరీఫ్ ఈసారి రిపోర్టును నమ్మలేదు. తెల్లవారి నమాజు కాగానే తిన్నగా మిద్దెక్కాడు.

పలకల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. సంతలో లేచిన దుమ్మంతా అక్కడే దిగినట్టుంది. ట్యాంకు వెనక చిన్న బకెట్టు బోర్లించి ఉంది. దాని కింద మడిచిపెట్టిన రెండు బట్టలు, ఒకటి తడిది ఎండి గట్టిపడింది, ఒకటి పొడిది. పక్కన చట్రం సందులు గీకడానికి అరిగిన టూత్‌బ్రష్. షరీఫ్ ఆ బ్రష్‌ను తీసుకుని చట్రం సందులో ఒకసారి గీకి చూశాడు. సంత పక్కనే ఉన్న ఊళ్ళో తన పలకల మీద ఇన్నాళ్ళూ దుమ్మెందుకు లేదని అతను ఒక్కసారీ అనుకోలేదు. కంచంలోకి అన్నం ఎట్లా వస్తుందో అనుకోనివాడికి ఇది మాత్రం ఎందుకు తోస్తుంది?

బకెట్టు నింపి తుడవడం మొదలుపెట్టాడు. మొదటి పలక మీద దుమ్ము బురదైంది. రెండో దాన్ని పొడిబట్టతో తుడిస్తే చారలు పడ్డాయి. మూడోదానికి మోకాళ్ళు పట్టేశాయి. ఆరూ అయ్యేసరికి పొద్దు బారెడెక్కింది. ఇదంతా ఆమె రోజూ నమాజు వేళలో ముగించి, అతను వచ్చేసరికి చాయ్ పెట్టేది.

ఆ రోజు షాపు తీయలేదు. బండి మీద కొత్తపిండి బస్తాలు వేసుకుని, శనివారం పిండి పాడైన ఐదిళ్ళకూ పోయాడు. ప్రతి గడప దగ్గరా తన నోటితోనే చెప్పాలి, నా ఆటో వల్ల మీ సేమియా పోయింది, ఇగో మీ పిండి అని. మొదటి ఇంట్లో చెప్పడానికి చెమటలు పట్టాయి. నాలుగో ఇంటికి కొంచెం అలవాటైంది. ఐదో ఇంట్లో ముసలి లక్ష్మీదేవమ్మ అంతా విని, సరే గానీ మా మిక్సీ తిరుగుతలేదు, జర చూసిపో అంది. కూచుని అది బాగు చేశాడు. పిండిని మాత్రం ఒక్కరూ లోపల పెట్టుకోలేదు. మా ఇంట్ల ఏం చేసుకుంటం, హుసేన్‌బీ ముందటనే పెట్టు అన్నారు ఐదిళ్ళవాళ్ళూ.

షరీఫ్ బస్తాలన్నీ మళ్ళీ బండి మీద తెచ్చి వసారాలో దించాడు. మిద్దె మీది మోటారు, పైపులు విప్పి, ఆటోను పాతసామానులో పడేశాడు. నులకమంచాలు కూడా పైకెక్కించబోయాడు కానీ పలకలు ఉన్నాక ఒకటికే చోటుంది. ఆ ఒక్కదాన్నీ వేసి కిందికొచ్చి, హుసేన్‌బీ ముందు నిలబడ్డాడు.

"రంజాన్ నెల పట్టనీకి ఇంక మూడు రోజులున్నది," అన్నాడు. "పండుగ అయినంక ఎండాకాలమొస్తది, అప్పుడు ఇక్రా వచ్చినంక ఏసీకి ఆరు పలకలు సాలు. ఇప్పుడైతే కింది వరుస గూడ నువ్వే వాడుకో."

హుసేన్‌బీ బస్తాల వైపు చూసి, లేచి వంటింట్లోకి పోయింది.

*

మరునాడు పదకొండున్నరకే షరీఫ్ ఫోన్‌ను ఎదురుగా గోడకు ఆనించి పెట్టుకున్నాడు. ఎవరిదో మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టాలి, ఒకటి తప్పినా మోటారు మళ్ళీ కాలుతుంది. నలభై దాకా చుట్టి, ఫోన్ చూసి, లెక్క మరిచి విప్పాడు. అంకె రెండున్నర. మళ్ళీ ముప్పై దాకా చుట్టి విప్పాడు. రెండున్నరే. పన్నెండైంది. పలకలు నిన్న తానే తుడిచాడు, ఎండ మండిపోతోంది, అంకె స్తంభంలా నిలబడింది. అంత మంచి అంకెను చూసి అంత దిగులుపడ్డ మనిషి ఆ జిల్లాలోనే ఉండడు.

పన్నెండుంబావుకు శ్రీశైలం ఫోన్ చేశాడు. ఆఫరు ఈ రోజుతో ఆఖరట, ఆ ఎనిమిదడుగుల స్టాండును కూడా కొంచెం తగ్గించి ఇస్తారట. అతను చెప్పుకుపోతున్నాడు. గోడకు ఆనించిన ఫోనే ఇప్పుడు షరీఫ్ చెవిన ఉంది కాబట్టి అంకె కనబడదు, అందుకని మధ్యమధ్యలో చెవి దగ్గర్నుంచి దించి చూస్తున్నాడు. రెండున్నర. ఇంకోసారి దించాడు. రెండుంబావు. కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఒకటీ ముప్పావు. ఒకటిన్నర.

ఒకటింబావు.

బయటికొచ్చి తలెత్తి చూశాడు. మబ్బు తునక లేదు. అతని మొహం చూసి బల్ల మీది బక్కయ్య ఏదో అయిందనుకుని లేచి నిలబడ్డాడు.

"సార్, ఉన్నరా? ఇప్పుడు మీ దగ్గర ఎంతుంది సార్?" అంటున్నాడు శ్రీశైలం.

"ఒకటింబావు."

"సూసిన్రా సార్, సగానికి పడిపోయింది. నేను మొదటి సంది చెప్తుంది అదే."

"పడనియ్యి శ్రీశైలం," అన్నాడు షరీఫ్. "మా ఇంటి మీద మబ్బు పట్టింది."

ఫోన్ కట్టేసి, షట్టరు మీద ఆ రోజు అంకె రాసి, లోపలికొచ్చి కూచున్నాడు. రాగితీగ అందుకుని చుట్లు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఈసారి లెక్క తప్పలేదు.